గాసి గోదాములో సౌండు పోయింది

“నేరస్థుడు ఎంతటి మొనగాడైనా ఎక్కడో ఒకచోట తప్పు చేసి తీరతాడు. ఆ తప్పును పట్టుకోగల కళ్ళు ఈ భూప్రపంచంలో రెండే రెండు. ఆ రెండూ నా ముఖానే ఉన్నాయి!”

ముంచింగిపుట్టు సంతవీధిలో, తన పరుపుల దుకాణంలో కూర్చుని వరహాలరావు ఈ ప్రకటన చేసే సమయానికి ఆ రెండు కళ్ళూ పెద్ద దబ్బనం కోసం వెతుకుతున్నాయి. పొద్దున్నే దాన్ని ఒక దిండులో మరిచిపోయి, చిన్న దబ్బనంతో ఆ దిండు మూతి కుట్టేసింది ఆయనే.

“ఏ దిండులో ఎట్టారో అదైనా గుర్తుందేటి?” అంది భార్య వెంకటలక్ష్మి, ఒక్కో దిండునూ జాగ్రత్తగా నొక్కి చూస్తూ. “ఎవరైనా కొనుక్కెళ్ళి తలెట్టారంటే రేపు మనల్నే ఎతుక్కుంటూ వత్తారు.”

“రానీ లక్ష్మీ. వెతకడం ఎలాగో నా దగ్గర నేర్చుకుంటారు.”

దుకాణం మీద బోర్డు ఉంది. పైన పెద్ద అక్షరాలతో ‘వి. రావు, అంతర్రాష్ట్ర అపరాధ పరిశోధకుడు’ అని, కింద చిన్న అక్షరాలతో ‘బూరుగు దూది పరుపులు, దిళ్ళు కూడా దొరుకును’ అని. అంతర్రాష్ట్రం ఎందుకయ్యా అంటే, ఒడిశా సరిహద్దు పక్కనే. సంత రోజున అటువాళ్ళూ వస్తారు. వచ్చేది దిళ్ళకే అనుకోండి, అది వేరే సంగతి.

ఎస్.కోట నుంచి పరుపులు అమ్ముకోవడానికి కొండెక్కిన మనిషికి ఈ పిచ్చి ఎలా పట్టిందని అడక్కండి. పట్టింది. ఇప్పటిదాకా ఆయన చేపట్టిన కేసుల్లో హెడ్మాస్టారి గొడుగు కేసు ముఖ్యమైనది. ఊరంతా సోదా చేసి, చివరికి వాన మొదలైతే చేతిలో ఉన్న గొడుగు విప్పాడు. అది హెడ్మాస్టారిదే. తప్పిపోయిన కోడి కేసులో కోడి తనంతట తానే ఇల్లు చేరింది. నా పేరు విని భయపడి వచ్చిందన్నాడు.

నిజానికి తన సంగతి ఆయనకీ తెలియనిది కాదు. దీపం ఆర్పాక, పక్కన ఎవరూ చప్పట్లు కొట్టేవాళ్ళు లేనప్పుడు, ‘ఒరే వరహాలూ, నువ్వు ఒట్టి దద్దమ్మవిరా’ అని తనకు తానే చెప్పుకునేవాడు. ఒక్క కేసు. జీవితంలో ఒక్కటంటే ఒక్కటి, తన బుర్రతో ఛేదించి, నలుగురిలో నిలబడి ‘ఇదిగో దొంగ’ అని వేలు చూపించాలి. ఆయన కోరికల్లా అదే.

సరిగ్గా ఆ పూటే దుకాణం మెట్టు మీద ఒక కుర్రాడు కూలబడ్డాడు. కొండమీది ఊళ్ళో కాఫీ పండించే గాసి కొడుకు ధర్మతేజ. పొడుగు జుట్టు, నల్ల బనీను, చేతిలో అప్పుడే కొన్న వైరు చుట్ట. వెనకే హేమలత నిలబడింది. చర్చిలో కీబోర్డు వాయిస్తుంది, నర్సింగు పూర్తి చేసింది, నోట్లోంచి మాట పెగలని బక్కపిల్ల.

“పోయింది బాబాయ్,” అన్నాడు ధర్మతేజ ఎటో చూస్తూ.

వరహాలరావు చెవులు నిక్కించాడు. “ఏం పోయింది?”

“సౌండు.”

“లక్ష్మీ! తలుపు వెయ్యి. ఈ మాట బయటికి పొక్కకూడదు.”

“మనకి తలుపెక్కడుందండీ, షట్టరు. అది ఏత్తే మళ్ళీ లెగదు,” అంది వెంకటలక్ష్మి. “ఏటి బాబూ, ఏటయింది?”

ధర్మతేజ చెప్పుకొచ్చాడు. వాళ్ళిద్దరూ ‘మంచుకోట’ అని ఒక ఆల్బమ్ చేస్తున్నారు. సింఫనిక్ ప్రోగ్రెసివ్ మెటల్.

“మెటల్! ఏ లోహం? ఇత్తడా, రాగా?” అన్నాడు వరహాలరావు చురుగ్గా.

“లోహం కాదు బాబాయ్, సంగీతం. పూర్వం యూరపులో రాజుల కొలువుల్లో, చర్చిల్లో ఒక సంగీతం ఉండేది. బరోక్ అంటారు. ఒక వరస ముందు పరిగెడతాది, దాన్ని తరుముతూ ఇంకోటి, దాని ఎనక మూడోది. ఆ పరుగులన్నీ నేను గిటారు మీద వాయిస్తాను. కింద లాప్‌టాప్‌లోంచి డ్రమ్ములు పిడుగులు పడ్డట్టు పడతాయి. వయొలిన్లు, ఆర్గాను హేమ కీబోర్డులోంచి తెస్తాది. పాడేదీ తనే.”

ఆ పాటల సంగతి కొండ మీద అందరికీ తెలుసు. ఒక పాట మొదలయ్యాక పొయ్యి మీద అంబలి పెడితే, అంబలి కాగి చల్లారినా పాట ఇంకా రెండో మలుపులోనే ఉంటుంది. తాళం ఏడేసి దెబ్బలకు తిరుగుతుంది. ఆడవాళ్ళు సరదాపడి, గొలుసులా చేతులు కలిపి దానికి థింసా ఆడబోయారు. అడుగులు తప్పి గొలుసు గొలుసంతా ఒకరి మీద ఒకరు పడి, పడి నవ్వుకుని, మళ్ళీ పెట్టమన్నారు.

“అన్ని పాటలూ మా నాన్న కాఫీ గోదాములోనే రికార్డు చేశాం. ఆఖరి పాట ఒక్కటే మిగిలింది. మొన్నటిదాకా తేనెలాగున్న గిటారు ఇప్పుడు రేకుడబ్బాలో రాళ్ళేసి ఊపినట్టుంది. వైరు మార్చాను. తీగలు మార్చాను. ఆంప్లిఫయరు విప్పి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఆ సౌండే లేదు. అద్దె మైకులు సాయంత్రం బస్సుకి వైజాగ్ పంపీయాలి. అదే బస్సుకి హేమ వెళ్ళిపోతాది, రేపు ఆస్పత్రిలో నర్సుగా చేరాల. ఇయాల అవకపోతే ‘మంచుకోట’ ఇంక అవదు బాబాయ్.”

ఆ చివరి మాటతో కుర్రాడు వైరు చుట్టని మెట్టు మీద పడేశాడు. హేమలత చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ తల దించుకుంది. వరహాలరావుకి ఒక్క క్షణం నిజంగా జాలేసింది. మరుక్షణం ఆనందం పొంగింది.

“శబ్ద చౌర్యం!” అన్నాడు లేచి నిలబడి. “అంతర్జాతీయ ముఠా పని. ఈ వరహాలరావు చేతుల్లో పడ్డావు, ఇక నిశ్చింతగా ఉండు.”

“సౌండుని ఎవరైనా ఎత్తుకుపోతారా అంకుల్?” అని హేమలత గొణిగింది.

“ఎత్తుకుపోకపోతే దానికి కాళ్ళొచ్చి నడిచిపోయిందా అమ్మా?”

అరకు లాడ్జీవాళ్ళకి ఇవ్వాల్సిన పరుపులు అప్పటికే ట్రాలీ ఆటోలో ఎక్కించి ఉన్నాయి. ముందు అవి దింపి రండని వెంకటలక్ష్మి మొత్తుకుంది. నేరం జరిగిన చోటు చల్లారిపోతుందని ఆయన వినలేదు. కొండ ఎగువన బండి మొరాయిస్తే తొయ్యడానికి ఒకరు ఉండాలి కనక ఆవిడా ఎక్కింది. మూడు మలుపుల్లో తోసింది కూడా ఆవిడే.

పిల్లలిద్దరూ అడ్డదారిన ముందే చేరుకున్నారు. గోదాము గాసి వాళ్ళ ఊరి చివర ఉంది, ఒక్కటే చిన్న గది. సిమెంటు గోడలు, పైన రేకులు, కింద అద్దంలా కడిగిన గచ్చు. గది నడుమ ఆంప్లిఫయరు, మైకులు, కీబోర్డు, లాప్‌టాప్. అంతే, ఇంకేమీ లేదు.

వరహాలరావు గుమ్మంలో నిలబడి, “ఆహా!” అన్నాడు గంభీరంగా.

“ఆహా… ఆహా…” అంది గది.

ఆయన వెనక్కి గెంతాడు. “ఎవడ్రా అది?”

“డ్రా అది… రా అది…”

“లక్ష్మీ! లోపల మనిషున్నాడు. నన్ను వెక్కిరిస్తున్నాడు!”

“మీ గొంతేనండీ, గోడకి తగిలి తిరిగొత్తంది.”

“అలాగా? అయితే దీనికీ కేసుకీ సంబంధం లేదు,” అని తీర్పు చెప్పేసి, భూతద్దం తీసి గచ్చు మీద బోర్లా పడ్డాడు. ఆ మూల నుంచి ఈ మూలకి పాకాడు. లేచేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది. “అడుగుజాడ ఒక్కటి కూడా లేదు! ఆరితేరిన హంతకులు, అంటే, దొంగలు మాత్రమే ఇలా ఆనవాళ్ళు తుడిచేసి పోతారు.”

“నానే తుడిసాను బాబు,” అన్నాడు గుమ్మం దగ్గర నిలబడ్డ గాసి. భుజాన తువ్వాలు, చేతిలో ఇంకా చీపురు ఉంది.

“నువ్వా! నిజం చెప్పు గాసీ. ఎందుకు తుడిచావు?”

“గది తుడవడానికి కూడా ఎందుకేటి బాబూ? మా గుంటడు ఎన్నాళ్ళబట్టో ఒకటే గోల. ‘ఈ కాఫీ బస్తాలు ఎప్పుడు తీత్తావు నాన్నా, కూకోడానికి సోటు నేదు, గిటారు తిప్పితే బస్తాకి తగుల్తంది’ అని. గోడలెమ్మట సూరు దాకా బస్తాలే కదా మరి. ఇంకొన్నాళ్ళు ఆగితే రేటు పెరుగుతాదని అందరూ సెప్పారు. ఏటి పెరిగితే? ఆకరి పాట కదా, గుంటడు కాళ్ళు సాపుకొని వాయించుకోవాల. అందుకే మొన్న సంతకి మొత్తం తోలీసాను. బూజు దులిపి, కడిగి ఇచ్చాను. సూడు, పెళ్ళోరిల్లు లాగ నేదేటి?”

గాసి గదంతా చూసుకుని మురిసిపోయాడు. తన జన్మలో కొడుకు సంగీతానికి చెయ్యగలిగిన సాయం అదొక్కటే అన్నట్టుంది ఆ ముఖం.

“నేను అడిగింది దొంగ గురించి గాసీ. నువ్వు బస్తాల గురించి చెబుతున్నావు,” అని విసుక్కున్నాడు వరహాలరావు. “అనవసరమైన వివరాలతో నా మెదడును నింపకు. ఇప్పటికే అది నిండుగా ఉంది.”

“దూదితో,” అంది వెంకటలక్ష్మి మెల్లగా.

ఆ తరవాత అనుమానం హేమలత మీదకి మళ్ళింది. వరహాలరావు చేతులు వెనక్కి కట్టుకుని ఆమె చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

“సాయంత్రం బస్సుకి ఊరు వదిలి పోతున్నావు. నేరం జరిగాక ఊరొదిలి పోయేది ఎవరు?”

“ఉద్యోగం వచ్చినోళ్ళు అంకుల్.”

“ఊఁ. మాటకారివే. ఈ పాటలో నీ పాత్ర ఏమిటి?”

“కీబోర్డు వాయిస్తాను. పాడతాను. కోట కూలిపోయేటప్పుడు రాక్షసి గొంతు కూడా నాదే.”

“రాక్షసా? నువ్వా?” పరిశోధకుడు నవ్వాడు. “ఏదీ, వినిపించు చూద్దాం.”

హేమలత చున్నీ సర్దుకుంది. ఒకసారి గొంతు సవరించుకుంది. ఆ తరవాత ఆమె లోపలెక్కడినుంచో, పాతాళం మూత తీసినట్టు ఒక గర్జన లేచింది. రేకులు గజగజలాడాయి. బయట మేకలు తాళ్ళు తెంపుకున్నాయి.

గర్జన ఆగేసరికి గదిలో వరహాలరావు లేడు. ట్రాలీ ఆటో చాటు నుంచి కేక వినబడింది. “ఒలమ్మో! ఎలుగ్గొడ్డే! తలుపెట్టీయే లచ్మీ, బేగి!”

కంగారు పడితే ఆయనకి డిటెక్టివ్ నవలల్లో నేర్చిన భాష ఎగిరిపోయి ఎస్.కోట భాష వచ్చేస్తుంది.

“ఎలుగు కాదండీ, హేమే. రండి లోపలికి,” అంది భార్య, నవ్వు ఆపుకోలేక పైట నోట్లో కుక్కుకుని.

“తెలుసు. బయట పరిసరాలు పరిశీలిస్తున్నాను,” అని ఆయన చొక్కా దులుపుకుంటూ వచ్చాడు. హేమలతని అనుమానితుల జాబితాలోంచి తీసేశాడు. సాక్ష్యం లేక కాదు, ఇంకో ప్రశ్న అడిగే ధైర్యం లేక.

ఎండ కొండ దిగడం మొదలుపెట్టింది. ధర్మతేజ గిటారు మెడలో వేసుకుని, మళ్ళీ మళ్ళీ అదే వరస వాయించి చూసుకుంటున్నాడు. వేళ్ళు మాత్రం కనబడనంత వేగంగా పరిగెడుతున్నాయి. వినబడేదంతా గలగల, గొణగొణ. ఒక స్వరం పూర్తయ్యేలోపు దాని ప్రతిధ్వని వచ్చి రెండోదాన్ని మింగేస్తోంది. చివరికి చెయ్యి తీగల మీద చరిచి ఊరుకున్నాడు.

“వదిలేద్దాం హేమా. మైకులు సర్దీ.”

“ఆగు!” అన్నాడు వరహాలరావు. “నాకు పథకం తట్టింది. దొంగ సౌండు రుచి మరిగినవాడు. పాట మొదలుపెడితే మళ్ళీ వస్తాడు. నేను ఈ గదిలోనే మాటు వేస్తాను. రాగానే పట్టేస్తాను.”

“ఎక్కడ మాటేత్తారు? గదిలో గడ్డిపోసైనా నేదు,” అంది వెంకటలక్ష్మి.

ఆయన నాలుగు గోడలూ చూశాడు. ట్రాలీ వైపు చూశాడు. భర్త చూపు ఎటు పోయిందో గమనించి వెంకటలక్ష్మి గుండె గుభేలుమంది.

“వద్దండీ! లాడ్జీ ఆర్డరండీ! కొత్త గుడ్డండీ!”

విన్నాడా? గాసి చేతా ధర్మతేజ చేతా పరుపులన్నీ లోపలికి మోయించాడు. “ఒక మూలనే పెడితే దొంగ కనిపెట్టేస్తాడు. నాలుగు గోడలకీ సమానంగా నిలబెట్టండి. ఒకదాని మీద ఒకటి, పైదాకా. ఊఁ, తలుపుకి కూడా ఒకటి!” ధర్మతేజ ముఖం చిట్లించుకుంటూనే మోశాడు. కాదని వాదించడం కన్నా మొయ్యడమే తేలికనిపించింది. ఆఖరి పరుపులో వరహాలరావు తానే చుట్టుకుని, తాడు కట్టించుకుని, మూలన నిటారుగా నిలబడ్డాడు. ముక్కు ఒక్కటే బయటికి కనబడుతోంది.

“ఇప్పుడు నేనెక్కడున్నానో చెప్పగలవా లక్ష్మీ?”

“పొట్ట ఉన్న పరుపులో,” అని ఆవిడ గాసితో కలిసి బయటికెళ్ళి తలుపు మూసింది.

ధర్మతేజ నిట్టూర్చి, ఆశ లేకుండానే తీగ మీటాడు.

మీటి, ఆగిపోయాడు. మళ్ళీ మీటాడు. హేమలత కీబోర్డు మీంచి తలెత్తింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“వచ్చీసింది,” అన్నాడు ఊపిరి బిగబట్టి. “హేమా, నొక్కు. రికార్డు నొక్కు. టైము లేదు, ఒక్కసారే. బాబాయ్, నీకు దండం పెడతాను, కదలకు!”

కదలకు అంటే వరహాలరావు కదిలేవాడు కాదు. కానీ బూరుగు దూది నలక ఒకటి అప్పుడే ముక్కులోకి వెళ్ళింది.

పాట మొదలైంది. ముందు ఆర్గాను పొగమంచు కమ్మినట్టు మెల్లగా గదంతా కమ్మింది. దాని మీద గిటారు లేచింది. ఒక వరస ముందు పరిగెత్తితే ఇంకొకటి దాన్ని తరిమింది, మూడోది రెండింటినీ దాటేసి పైకెక్కింది. పిడుగుల్లాంటి డ్రమ్ముల నడుమ కూడా ఒక్కొక్క స్వరం విడివిడిగా వినబడింది. సంగీతం గురించి వరహాలరావుకి ఓనమాలు రావు. అయినా ఆ చీకటి పరుపులో నిలబడి, కొండ మీద పుట్టిన ఈ కుర్రాడు చేతివేళ్ళతో కోట కడుతున్నాడని ఆయనకి అర్థమైంది. కళ్ళంట నీళ్ళు కారాయి. సగం పాటకి, సగం తుమ్ముకి.

తుమ్మితే అంతా పోతుంది. మైకులు వెళ్ళిపోతాయి, పిల్ల వెళ్ళిపోతుంది, కోట కూలిపోతుంది. ఆయన నాలుక కరుచుకున్నాడు. ఎస్.కోటలో ఉన్న మామగారి ముఖం తలుచుకున్నాడు. తుమ్ము ఆగింది. మళ్ళీ వచ్చింది. అంతలో హేమలత రాక్షసి గొంతు ఎత్తింది. భయానికి తుమ్ము లోపలికి పారిపోయింది. ఆ పిల్లకి మనసులోనే దండం పెట్టుకున్నాడు. పాట ఇంకో మలుపు తిరిగింది, ఇంకో మలుపు తిరిగింది. ఈ పాటలు ఇంత పొడుగెందుకురా దేవుడా!

ఆఖరి స్వరం సన్నగా సాగి, సాగి, ఆగింది. హేమలత బటన్ నొక్కింది.

“హా…చ్‌!”

మూలన పరుపు తాడు తెంపుకుని పక్కదాని మీద పడింది. అది దాని పక్కదాని మీద పడింది. చూస్తుండగా ఒక గోడ పరుపులన్నీ దభదభా కూలి, వరహాలరావుని కిందేసి తొక్కాయి.

“వచ్చింది! పాట వచ్చీసింది!” అని ధర్మతేజ ఎగిరి గెంతాడు.

“వచ్చీసింది… సింది…” అంది బోసిపోయిన గోడ.

పరుపు కిందనుంచి తల బయటపెట్టిన వరహాలరావు ఆ ప్రతిధ్వని విన్నాడు. ఎన్నడూ కదలనిది ఏదో బుర్రలో కదిలింది. పరుపులు గోడకుంటే గది నోరు మూసుకుంది. పడగానే మళ్ళీ అరుస్తోంది. మరి పరుపులకు ముందు ఆ గోడలకి అడ్డంగా ఏమున్నాయి? బస్తాలు. చూరు దాకా కాఫీ బస్తాలు. వాటిని తీసిందెవరు?

ఒళ్ళు జలదరించింది. ఇదే! జన్మకొక్క కేసు ఇదే! ఆయన దూది నిండిన జుట్టుతో లేచి నిలబడి, చూపుడు వేలు పైకెత్తాడు.

“దొంగ ఎవరో తెలిసింది!”

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో గాసి నిలబడి ఉన్నాడు. తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటూ, వెంకటలక్ష్మితో చెబుతున్నాడు. “ఇన్నావా తల్లీ! గది కాళీ సేసి ఇచ్చేసరికి ఎంత బాగా వాయించాడో మా గుంటడు. రేటు పోతే పోయింది గానీ, నాను మంచి పనే సేసాను.”

వరహాలరావు వేలు గాలిలో ఆగిపోయింది.

ధర్మతేజకీ అప్పుడే వెలిగింది. కూలిన పరుపుల వంక చూశాడు, తండ్రి వంక చూశాడు. “నాన్నా, ఆ బస్తాలు నువ్వు…” అనబోయాడు. వరహాలరావు వాడి కాలు గట్టిగా తొక్కాడు. ఎత్తిన వేలుని ఎటు తీసుకెళ్ళాలో తెలియక దాంతో తన ముక్కే గోక్కున్నాడు.

“దొంగ పారిపోయాడు,” అన్నాడు. “ఈ కేసు నా వల్ల కాలేదు.”

ఆ మాట ఆయన నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు. చెప్పేటప్పుడు ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. వెంకటలక్ష్మి మొగుడి ముఖంలోకి ఒకసారి తేరిపార చూసింది. దగ్గరకొచ్చి జుట్టులో దూది ఏరడం మొదలుపెట్టింది.

ధర్మతేజ తండ్రి దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. “అవును నాన్నా. సోటు బాగా కలిసొచ్చింది,” అన్నాడు.

కింద రోడ్డు మీద బస్సు హారను మోగింది. మైకులు, హేమలత సంచి అందరూ తలో చెయ్యీ వేసి ట్రాలీ ఎక్కించారు. హేమలత మాత్రం వరహాలరావు దగ్గరికొచ్చి, “థాంక్స్ అంకుల్,” అంది. అంత గర్జించిన గొంతు ఆ రెండు మాటలకీ వణికింది.

పరుపులు దులుపుతూ నిలబడ్డ వరహాలరావు దిగులు చూసి గాసికి జాలేసింది. వచ్చి ఎదురుగా నిలబడి భుజం మీద చెయ్యేశాడు.

“ఏటి బాబూ, అంత సిన్నబోయినావు? బెంగెట్టుకోకు. ఇయాల తప్పించుకున్నాడు గానీ, ఎక్కడికి పోతాడు? ఏదో ఒక రోజు ఆ దొంగ నీ ఎదరకే వచ్చి నిలబడతాడు సూడు. అప్పుడు మాత్రం ఒగ్గీకు. ఏలెట్టి సూపించీ!”

వరహాలరావు ఆ ముఖంలోకి చూశాడు.

“అలగే గాసీ,” అన్నాడు. “సూపిత్తాను.”